మా మిల్లు గోతికి దక్కిన గౌరవం

మా గోనెసంచుల మిల్లులో ఒక గొయ్యి ఉండేది. మగ్గాల షెడ్డు నించి క్యాంటీనుకి వెళ్లే సిమెంటు దారి కింద మురుగు కాలువ పోతుంది. ఆ కాలువ మీది పలక ఒకటి ఎప్పుడో విరిగి లోపల పడింది. పడ్డది ఎవరూ తియ్యలేదు, కొత్తది ఎవరూ వెయ్యలేదు. మోకాలు దాటి దిగబడే ఆ గొయ్యి మా కళ్ల ముందే సర్వీసులో సీనియర్ అయిపోయింది. దానికి జూనియర్లు మేనేజర్లయి రిటైరయ్యారు కూడా.

మగ్గాల షెడ్డు వాళ్లకి దాన్ని దాటే పద్ధతి ఒకటుంది. ఆ మోతలో పని చేసీ చేసీ వాళ్ల చెవులు సగం పోతాయి. అంచేత నోటితో కన్నా చేతులతోనే ఎక్కువ మాట్లాడుకుంటారు. టీ గంట కొట్టగానే బారు కట్టి వస్తారా, గోతి దగ్గరికి రాగానే ముందున్నవాడు వెనక్కి తిరక్కుండానే చెయ్యి నడుం వెనక పెట్టి గుప్పిట మూసి తెరుస్తాడు. వెనకవాడు అది చూసి గెంతి, తన వెనకవాడికి అదే చూపిస్తాడు. అలా బారు బారంతా గెంతుకుంటూ టీకి పోతుంది. కొత్తగా చేరినవాడికి మగ్గం కన్నా ముందు ఈ గుప్పిటే నేర్పుతారు.

నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ హెడ్ క్లర్కుని, పేరు గవర్రాజు. గెంతడం నా హోదాకి తగదు గనక టీ నా బల్ల దగ్గరికే తెప్పించుకునేవాణ్ణి. తెచ్చేది పైడమ్మ. అంటే నా బదులు ఆ గొయ్యి ఆవిడ దాటేదన్నమాట, చేతిలో పొగలు కక్కే టీ క్యానుతో సహా.

పైడమ్మకి యాభై దాటాయి. మొగుడు మా మిల్లులోనే మగ్గం మీద పని చేసి, నార ధూళికి ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. అది ప్రమాదం కింద రాలేదు. ప్రమాదమంటే ఉన్నట్టుండి జరగాలి, ఇది రోజూ జరిగింది. ఇప్పుడు ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది పైడమ్మ క్యాంటీను జీతం మీదే. ఆవిడకి మోకాళ్లు అరిగిపోయి నడకే కష్టంగా ఉండేది.

"బాబూ, నాను గెంతలేకపోతన్నాను. ఆ గోతి మీద ఓ పలకేయించండి, మీకు పున్నెముంటాది" అని టీ పోస్తూ రోజూ అడిగేది. నేను రోజూ "చూద్దాంలే" అనేవాణ్ణి. మా సెక్షన్లో అది చాలా ఆశాజనకమైన జవాబు.

ఇంతలో హెడ్డాఫీసు వారికి భద్రత మీద మోజు పుట్టింది. ఈ ఏటి నించి అన్ని మిల్లుల్లోనూ బలమైన భద్రతా సంస్కృతి నెలకొనాలనీ, ఎక్కడ బాగా నెలకొంటే ఆ మిల్లుకి వెండి షీల్డు ఇస్తామనీ రాశారు. మా జనరల్ మేనేజర్ విశ్వంభరరావు గారు వెంటనే సమావేశం పెట్టారు.

"ఇకమీదట మన మిల్లులో భద్రత అనేది ఒక పని కాదు, ఒక సంస్కారం, ఒక జీవన విధానం" అన్నారాయన, కుర్చీలోంచి లేవకుండానే నిలబడ్డంత గంభీరంగా.

నాకు పైడమ్మ గుర్తొచ్చింది. "సార్, అయితే ముందుగా ఆ క్యాంటీను దారిలో గోతి మీద పలక..."

"గవర్రాజు గారూ, మీరు మౌలికంగా పొరబడుతున్నారు. పలక సివిల్ పని. దానికి ఎస్టిమేటు కావాలి, టెండరు కావాలి, మూలధన వ్యయం కింద మంజూరు కావాలి. సంస్కృతి పద్దులోంచి రాయి కొనడానికి నిబంధనలు అంగీకరించవు. అసలు మనం వెయ్యవలసిన పలక కార్మికుడి మనసులో!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కొట్టకపోతే కనపడిపోయే చోట కూర్చున్నాను.

సంస్కృతి పద్దులోంచి రాయి రాకూడదు గానీ మనిషి రావచ్చట. హైదరాబాదు నించి డాక్టర్ ప్రద్యుమ్న గారని ఒక నిపుణుణ్ణి రప్పించారు. ఆయన దేనికి డాక్టరో ఎవరికీ తెలీదు. ఎవరికీ సూది వెయ్యలేదు గనక ఇంకో రకం డాక్టరనుకున్నాం. మిల్లంతా తిరిగి, అన్నిచోట్లా పెదవి విరుస్తూ, టీ గంట వేళకి గోతి దగ్గరికొచ్చారు. సరిగ్గా అప్పుడే మగ్గాల షెడ్డు వాళ్లు బారు కట్టి వచ్చి, గుప్పిటలు మూసి తెరుస్తూ, ఒకరి తరవాత ఒకరు గెంతేశారు.

డాక్టరు గారు నోరు తెరిచి నిలబడిపోయారు. "అద్భుతం! ఒక్క పర్యవేక్షకుడు లేడు, ఒక్క ఈల లేదు. ముందువాడు వెనకవాడి క్షేమం కోరుతున్నాడు! దేశమంతా తిరిగాను, ఇంతటి సామూహిక జాగరూకత నేనెక్కడా చూడలేదు. దీనికి మూలం ఏమిటి?"

"మూలం ఈ గొయ్యేనండి" అన్నాడు చిన్నంనాయుడు. అతను మగ్గాల షెడ్డు మేస్త్రీ, చెవి దగ్గర అరిస్తే వినపడుతుంది. "ఓ పలక పడేస్తే మాకీ గెంతులాట తప్పుతాది."

"పొరపాటు! గొయ్యి లేకపోతే గుప్పిట లేదు. గుప్పిట లేకపోతే సంస్కృతి లేదు. ప్రమాదాన్ని తీసేస్తే మనిషి జాగ్రత్తని తీసేసినట్టే" అన్నారు డాక్టరు గారు. విశ్వంభరరావు గారు గోతిలోకి కొత్తగా తొంగి చూశారు. ఇన్నాళ్లూ ఇంట్లో పడున్న ఇత్తడి చెంబు బంగారమని తెలిస్తే మొహం ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన మొహం.

ఆ మర్నాటి నించి గోతికి దశ తిరిగింది. అంచులకి పసుపూ నలుపూ రంగులు వేశారు. చుట్టూ కటకటాలు పెడదామంటే, పెడితే గెంతడానికి వీలుండదని మానేశారు. పక్కన "మన గొయ్యి, మన గర్వం" అని బోర్డు కట్టారు. ఒక సెక్యూరిటీ గార్డుని గోతి సంరక్షకుడిగా వేశారు. ఎవరైనా పడితే ఆపడం అతని పని కాదు, ఎవరూ పూడ్చకుండా చూడడం అతని పని. నార ధూళి పడీ పడీ లోతు తగ్గుతోందని అతను రిపోర్టు చేస్తే, "గొయ్యి యొక్క సహజ లోతును పరిరక్షించుట నిమిత్తం" పూడిక తీయడానికి ఆ పూటే మంజూరు ఇచ్చారు. పలకకి ఏళ్ల తరబడి రాని సంతకం పూడికకి మధ్యాహ్నం భోజనం లోపల వచ్చేసింది.

రోజూ పొద్దున్నే గోతి చుట్టూ నిలబడి ప్రతిజ్ఞ చెయ్యాలి. "నా ముందున్న ప్రమాదాన్ని నేను గౌరవిస్తాను. దాని పట్ల సదా మెలకువతో మెలుగుతాను" అని చెయ్యి చాపి చెప్పేవాళ్లం. ప్రతిజ్ఞలో వెనక వరస తోపులాటకి ముందు వరసలో ఇద్దరు గోతిలో పడ్డారు. చెయ్యి దించకుండా పడ్డారని వాళ్లకి ప్రశంసాపత్రాలు ఇచ్చారు.

అక్కడితో ఆగినా బాగుండేది. మిగతా సెక్షన్ల వాళ్లకి కడుపుమంట మొదలైంది. "మా సెక్షన్లో ఏ ప్రమాదమూ లేనందున మేము సంస్కృతికి దూరమగుచున్నాము" అని అకౌంట్స్ వాళ్లు వినతిపత్రం పెట్టారు. అన్యాయం అన్యాయమే కదా. సెక్షనుకి ఒక ప్రమాదావకాశం చొప్పున జి.ఎం. గారు మంజూరు చేశారు. అకౌంట్స్ వారికి తొక్కితే జారే నాపరాయి వచ్చింది. గోడౌను వారికి సరుకు బేళ్లు ఒక పక్కకి ఒరిగేలా పేర్చి ఇచ్చారు. మా ఎస్టాబ్లిష్‌మెంట్‌కి సీలింగు ఫ్యాను బోల్టు ఒకటి వదులు చేశారు. ఆ ఫ్యాను కిందది నా కుర్చీ.

హెల్మెట్ పెట్టుకుని సెలవు అర్జీలు చూసే హెడ్ క్లర్కుని మీరెక్కడైనా చూశారా? నన్ను చూడ్డానికి పక్క మిల్లు వాళ్లు కూడా వచ్చి వెళ్లారు. కుర్చీ కాస్త జరుపుకుంటానంటే, "జరిగితే మీలో జాగరూకత సడలుతుంది" అన్నారు. ఇంతలో గోడౌనులో బేళ్లు దొర్లి ఒక హమాలీ సైకిలు అప్పడమైంది. హమాలీ బీడీ కోసం అప్పుడే దిగి పక్కకెళ్లాడు గనక బతికాడు. తృటిలో తప్పిన ప్రమాదాన్ని సాధించినందుకు గోడౌను ఇన్‌ఛార్జికి శాలువా కప్పారు. నా ఫ్యాను ఇంకా ఎందుకు పడలేదని జి.ఎం. గారు నన్ను పిలిచి మందలించారు.

తరవాత వచ్చింది గోతి లంఘన అర్హతా పరీక్ష. మిల్లులో ప్రతి ఒక్కరూ గొయ్యి గెంతి చూపించాలి. షీల్డు ఎవరికివ్వాలో తేల్చే హెడ్డాఫీసు కమిటీ వచ్చేనాటికి నూటికి నూరు శాతం ఉత్తీర్ణత ఉండాలి. మొదట జి.ఎం. గారు గెంతారు. అటొకరూ ఇటొకరూ చేతులు పట్టుకున్నారు గనక గెంతారనడం కన్నా దాటించారనడం న్యాయం. నేను చెప్పులు విప్పి, హెల్మెట్ బిగించి, కళ్లు మూసుకుని గెంతి బయటపడ్డాను.

పైడమ్మ వంతు వచ్చింది. పని పరిస్థితుల్లో పరీక్షించాలి గనక చేతికి నిండు టీ క్యాను ఇచ్చారు. ఆవిడ అంచు దాకా వెళ్లి ఆగింది. కిందకి చూసింది. క్యాను గట్టు మీద పెట్టి, మెల్లిగా గోతిలోకి దిగి, క్యాను అవతలి గట్టుకి మార్చి, ఉస్సురంటూ ఎక్కింది. ఒక్క చుక్క ఒలకలేదు.

"అనర్హత!" అన్నారు డాక్టర్ ప్రద్యుమ్న గారు. "గోతిలోకి దిగడమంటే ప్రమాదంలో పడడమే."

"పడనేదు బాబూ, దిగినాను" అంది పైడమ్మ.

"స్వచ్ఛందంగా పడడం ఇంకా ప్రమాదకరమైన ధోరణి."

షీల్డు కమిటీ వచ్చే రోజు ఆవిడకి మళ్లీ పరీక్ష అనీ, అందులోనూ గెంతకపోతే ఆవిడ భద్రత దృష్ట్యానే ఆవిడని ఉద్యోగం నించి తొలగిస్తామనీ ఆర్డరు వేశారు. అది నేనే ఆవిడకి చదివి వినిపించాను. పైడమ్మ గోడకి చేరబడి కూర్చుండిపోయింది.

"మరి ఇంటికాడ మందులెలాగండి బాబూ? ఆయనికి రేతిరికి బిళ్ల పడాపోతే ఊపిరాడదు. నాను గెంతాపోతే ఆ మనిసికి ఊపిరాగిపోద్దా? ఇదెక్కడి నాయం?"

నాకు ఒళ్లు మండిపోయింది. జి.ఎం. గారి దగ్గరికెళ్లి, ఈవిడ ఒక్కదానికి మినహాయింపు ఇవ్వండని బతిమాలాను. "గవర్రాజు గారూ, ప్రాణాలతో రాజీ పడమంటారా?" అన్నారాయన, ఎంతో బాధగా. ఆ బాధ చూసి నా సీటుకి తిరిగొచ్చి హెల్మెట్ పెట్టుకున్నాను.

కమిటీ వచ్చే రోజు పొద్దున్న ప్రతిజ్ఞ ముగిసి షిఫ్టు మారే వేళకి తోపుడు బండి ఒకటి మిల్లు గేట్లోకొచ్చింది. దాని మీద పైడమ్మ పెరట్లో బట్టలుతుక్కునే బండ ఉంది. ముందు పైడమ్మ, వెనక తోస్తూ చిన్నంనాయుడూ మగ్గాల షెడ్డు వాళ్లూ. ఎవరితోనూ ఏమీ అనకుండా బండ దింపి గోతి మీద పరిచేశారు. గోతికి కాస్త ఎక్కువే అయింది, గట్టిగా కూర్చుంది. సంరక్షకుడు కూడా ఒక చెయ్యి వేశాడు. విచారణలో మాత్రం అది తన చెయ్యి కాదన్నాడు.

ఆ పూట మిల్లులో మనుషులు నడిచారు. మామూలుగా, రోడ్డు మీద నడిచినట్టే నడిచారు. టీ బారులో పక్కవాడి భుజం మీద చెయ్యేసుకుని వచ్చినవాళ్లని మొదటిసారి చూశాను. పైడమ్మ నా బల్ల దగ్గరికి నవ్వుకుంటూ వచ్చి, "ఇయాల్టి నించి గెంతక్కర్నేదు బాబూ" అని టీ ఇంకో గుటక ఎక్కువ పోసింది. జి.ఎం. గారు ఫోనులో మాట్లాడుకుంటూ బండ మీంచి దర్జాగా నడిచి అవతలకెళ్లి, అప్పుడు ఏదో వెలితి తోచి వెనక్కి తిరిగారు. ఫోను చేతిలోంచి జారిపోయింది.

అక్కడికక్కడే విచారణ మొదలైంది. ఆరోపణల పత్రం జి.ఎం. గారు స్వయంగా చదివారు. "యాజమాన్యపు ముందస్తు అనుమతి లేకుండా ప్రమాదమును తొలగించుట. సంస్థ వారసత్వ సంపదను కప్పిపుచ్చుట. తోటి కార్మికులలో నిశ్చింతను ప్రేరేపించుట."

"నానేటైనా దొంగతనం సేసినానా బాబూ? నా రాయి తెచ్చి ఇక్కడెట్టినాను గానీ ఇక్కడిది ఏటీ అట్టుకుపోనేదు కదా?"

"గొయ్యి పట్టుకుపోయావమ్మా" అన్నారు జి.ఎం. గారు, బండ వైపు వేలు చూపించి.

"పోనీ ఈ బండ మీద ఎవులైనా పడ్డారా, సెప్పండి?"

"అదే నీ మీద బలమైన సాక్ష్యం. పొద్దుట్నించి ఒక్కడు గెంతలేదు, ఒక్క గుప్పిట తెరుచుకోలేదు. ఇంత కష్టపడి పెంచుకున్న సంస్కృతి ఒక్క పూటలో సర్వనాశనం అయింది."

పైడమ్మని ఆ పూట నించే ఉద్యోగంలోంచి తీసేశారు. ఉత్తర్వు కాగితం ఆవిడ చేతిలో పెట్టి, కమిటీ వచ్చేలోగా నీ రాయి నువ్వే తీసుకుపోవాలన్నారు.

"నలుగురు మొయ్యాల దాన్ని. నానొక్కదాన్నీ ఎలాగెత్తుతాను?"

జి.ఎం. గారు మగ్గాల షెడ్డు వాళ్లవైపు చూశారు. బరువులెత్తాలంటే బరువులెత్తే శిక్షణ పొందిన సర్టిఫికెట్ ఉండాలని ఆయనే సర్కులరు ఇచ్చారు. శిక్షణ ఇంకా మొదలవలేదు. చిన్నంనాయుడు ఆ సంగతి వినయంగా గుర్తు చేశాడు. అంతలో గేటు దగ్గర కమిటీ కారు హారను మోగింది.

"మీరెవరూ అక్కర్లేదు!" అని జి.ఎం. గారు చొక్కా చేతులు మడిచి, ఎక్కణ్ణించో గునపం లాక్కొచ్చి బండ అంచు కింద దూర్చారు. ఆయన జన్మలో గునపం పట్టి ఉండరు. బండ ఒక పక్క లేచింది. లేచిన పక్కనే ఆయన కాలు పెట్టారు. గునపం పక్కకి జారింది.

"బాబూ, కాలు!" అని అరిచి పైడమ్మ రెండు చేతులతో ఆయన్ని ఒక్క తోపు తోసింది. ఆయన వెళ్లి మట్టిలో వెల్లకిలా పడ్డారు. బండ ఆవిడ పాదం మీద పడింది.

నేను చూడలేకపోయాను. చిన్నంనాయుడూ వాళ్లూ సర్టిఫికెట్ల సంగతి మరిచిపోయి ఒక్క ఊపులో బండ ఎత్తి పక్కకి నెట్టారు. వేళ్లు నలిగి నెత్తురు కారుతోంది. పైడమ్మ పళ్లు బిగబట్టి, "బాబుకేటైనా తగిలిందేటి?" అని అడిగింది. ఇంత నెత్తురులో ఆవిడ అడిగిన మొదటి మాట అదీ!

కమిటీ వారు కారు దిగి వచ్చారు. వెంట డాక్టర్ ప్రద్యుమ్న గారు. "ఏమిటిది? ప్రమాదమా?" అని అడిగారు ముందున్న పెద్దమనిషి, పెన్ను తీస్తూ.

విశ్వంభరరావు గారు మట్టి దులుపుకుని లేచారు. "ఎంతమాత్రం కాదండీ. ఈమె ఉదయమే విధుల నించి తొలగింపబడిన వ్యక్తి. సాంకేతికంగా సందర్శకురాలు. మా సిబ్బందిలో ప్రమాదాలు శూన్యం."

"మీకు దెబ్బ తగల్లేదు కదా?"

"నేను సకాలంలో పక్కకి తప్పుకున్నాను. అది మా సంస్కృతి."

ఆ మాట విన్నాక నా ఒంట్లో ఏదో తెగింది. హెల్మెట్ ఊడబెరికి నేలకేసి కొట్టాను. పగల్లేదు, మంచి కంపెనీది. "సిగ్గులేదండీ మీకు? మీ కాలు ఉన్నదే ఆవిడ వల్ల!" అని అరిచాను. ఇన్నేళ్ల సర్వీసులో అంత గట్టిగా నేను సెలవు కూడా అడగలేదు. మా జి.ఎం. గారు కమిటీ వారితో, "ఈయన ఫ్యాను కింద కూర్చుంటారు, ఒత్తిడి" అని మెల్లిగా చెప్పారు.

చిన్నంనాయుడు పైడమ్మని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కమిటీ కారులో వెనక సీట్లో పడుకోబెట్టి, "ఆస్పత్రికి పోనీ" అన్నాడు డ్రైవరుతో. డ్రైవరు ఎవరి మొహమూ చూడకుండా పోనిచ్చాడు. ఆ తరవాత ఒక్కొక్క మగ్గమే ఆగిపోవడం మొదలైంది. నేనెరిగినంతలో ఆ షెడ్డు పగటిపూట అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలో, ప్రమాదాలు శూన్యమని రాసుకున్న కమిటీ చేతుల మీదుగా షీల్డు అందుకుంటున్న జి.ఎం. గారి కృతజ్ఞతా ప్రసంగం గేటు దాకా స్పష్టంగా వినపడింది.

ప్రసంగం అయ్యాక ఆయన షెడ్డు దగ్గరికెళ్లి, మగ్గాలు ఎందుకు ఆపారని గద్దించారు.

"పైడమ్మ టీ వొస్తేనే మగ్గం తిరుగుద్దండి" అన్నాడు చిన్నంనాయుడు.

"ఇది బెదిరింపా?"

"కాదండి, భద్రతండి. టీ తాగాపోతే మాకు కునుకొస్తాది. కునుకొస్తే చెయ్యి మగ్గంలో పడుతాది. మీరే సెప్పినారు గదా, జాగరూకత అని."

విశ్వంభరరావు గారు బుజ్జగించారు, బెదిరించారు, ప్రతిజ్ఞ చేయించబోయారు. ఎవరూ చెయ్యి చాపలేదు. సంచుల ఆర్డర్లు పేరుకుపోయి, కొనేవాళ్లు హెడ్డాఫీసు మీద పడ్డారు. హెడ్డాఫీసు వారికి సంస్కృతి కన్నా సంచులు ముఖ్యమని అప్పుడు తెలిసింది. ఫోను వచ్చిన గంటలో పైడమ్మ తొలగింపు ఉత్తర్వు టైపు దోషంగా తేలింది. ఆస్పత్రి ఖర్చు మిల్లుదేనని రాసుకున్నారు. బండ మళ్లీ గోతి మీద పరిచి, చుట్టూ సిమెంటు పూశారు. రాయి కొనకూడదు గనక దాన్ని విరాళంగా స్వీకరించి, దానికి స్మారక శిల అని పేరు పెట్టారు.

పాదం మానాక పైడమ్మ పనిలోకి వచ్చిన రోజున డాక్టర్ ప్రద్యుమ్న గారు మళ్లీ దిగారు. ఈసారి ఆయన కొత్త నివేదిక బండ సంస్కృతి మీద. సెక్షనుకొక బండ చొప్పున పరిపించాలని అప్పుడే సిఫారసు కూడా చేసేశారు. బండ నడిమధ్యన దారికి అడ్డంగా నిలబడి, జేబులోంచి రికార్డరు తీసి, ఎదురుగా కుంటుకుంటూ వస్తున్న పైడమ్మని ఆపారు. ఆవిడ చేతిలో క్యాను పొగలు కక్కుతోంది. డాక్టరు గారి వెనక మగ్గాల షెడ్డు వాళ్లు టీ కోసం నిలబడి చూస్తున్నారు.

"అమ్మా, ఇంత అనుభవం గడించారు. మీ దృష్టిలో భద్రతా సంస్కృతి అంటే ఏమిటి? మీ మాటల్లో చెప్పండి."

"అడ్డు లెగండి బాబూ" అంది పైడమ్మ. "టీ మరుగుతంది, మీద పడిపోద్ది."